బొటనవేలు నీళ్ళపైన

"మీరు మీరు కాదండి," అన్నాడు ఏసుపాదం మాస్టారు, ఎంతో మర్యాదగా.

సత్యవేణి చేపల చెరువు గట్టు మీద నిలబడి ఉంది. పంజాబీ డ్రెస్సు ఒంటికి అతుక్కుపోయింది. చున్నీకి నిబంధన ప్రకారం నాలుగు పిన్నులున్నాయి. జడలో నాచు ఉంది, ఎడమ చెవిలో చెరువు నీళ్ళున్నాయి. ఏభై మీటర్లు ఈది ఇప్పుడే ఒడ్డెక్కింది. అందుకు మూడొందలమంది సాక్షులున్నారు. మాస్టారి చేతిలోని బొటనవేలి మెషీను మాత్రం ఒప్పుకోవడం లేదు. ఎర్రదీపం వెలిగించి, కుయ్యిమని మూలిగి ఊరుకుంటోంది.

"ఇంకోసారి పెట్టనివ్వండి మాస్టారూ."

"ఏడుసార్లు పెట్టేరమ్మా. నాకు మీరెవరో తెలీదేంటి? మొన్న మా నాన్నకి షుగర్ టెస్టుకి రక్తం తీసింది మీరే కదా. కానీ మెషీనుకి తెలియాలి కదండి!"

తప్పు సత్యవేణిదే. ఈత కొడుతున్నంతసేపూ కుడి బొటనవేలు నీళ్ళపైన ఉంచాలని సర్క్యులర్లో స్పష్టంగా ఉంది. నలభై ఎనిమిది మీటర్లు అలాగే ఈదింది. చివరి రెండు మీటర్లలో మూడు కిలోల బొచ్చె చేప ఒకటి పొట్ట కింద నుంచి దూసుకుపోయింది. కెవ్వుమని రెండు చేతులూ ముంచేసింది. నానిన వేలు ముడతలు పడింది. ముడతలు పడిన వేలు మెషీను దృష్టిలో ఎవరిదీ కాదు.

టైము ఏడూ ఐదు. ఇక్కణ్ణించి ఆరు కిలోమీటర్లు సైకిలు తొక్కాలి, ఆపైన రెండు కిలోమీటర్లు పరుగెత్తాలి. ఎనిమిదీ పదికి స్కూలు గేటు మూస్తారు. ఆ లోపల చేరని తల్లి బిడ్డకి అర్ధ సంవత్సర పరీక్షల హాల్ టికెట్ ఇవ్వరు. సత్యవేణి కూతురు జోషిత ఆరో తరగతి బి సెక్షన్. ఆ పిల్ల హాల్ టికెట్ ఇప్పుడు ఈ ముడతల వేలి మీద ఆధారపడి ఉంది.

షామియానా కిందనుంచి ఏ.ఓ. గారు లేచి వచ్చారు. మడత నలగని తెల్ల చొక్కా, చంకలో ఫైలు. పెన్మెత్స రామభద్రరాజు గారు డిప్యూటీ తహసీల్దారుగా రిటైరై, వికాసధార స్కూలుకి పరిపాలనాధికారిగా వచ్చి రెండేళ్ళయింది. కుర్చీ మారింది కానీ భాష మారలేదు.

"ఏమిటి సమస్య?"

"ఈవిడ ఈవిడ కాదంటోందండి మెషీను," అన్నాడు మాస్టారు.

రాజు గారు సత్యవేణిని పైనుంచి కింది దాకా చూసి, ఫైలు తెరిచి, నిలబడే రాశారు. రాసింది బిగ్గరగా చదివారు.

"అభ్యర్థిని తాను తానేనని ధ్రువపడు పర్యంతము, తాను కాకపోవచ్చునను షరతుకు లోబడి, పోటీలో ముందుకు సాగుటకు తాత్కాలిక అనుమతి మంజూరు చేయడమైనది. గుర్తింపు అంశము గేటు వద్ద తుది పరిష్కారము చేయబడును."

మాస్టారు ఆమె వీపు మీది నూట పన్నెండో నంబరు పక్కన స్కెచ్ పెన్నుతో 'తాత్కాలికం' అని రాశాడు.

సత్యవేణి సైకిలెక్కింది. మొదటి తొక్కుడుతోపాటే మూడు నెలలుగా తిట్టుకుంటున్న తిట్టు మళ్ళీ తిట్టుకుంది. 'ఈ దిక్కుమాలిన సలహా ఇచ్చిందెవరో, దొరకాలి నాకు!'

ఆ ఊరు గోదావరి జిల్లాల్లో ఉంది. పేరు చెబితే ఊరివాళ్ళు నొచ్చుకుంటారు. ఊరిని రైలు పట్టాలు రెండు ముక్కలు చేశాయి. ఇళ్ళు ఒక ముక్కలో ఉన్నాయి, వికాసధార స్కూలు రెండో ముక్కలో ఉంది. మధ్యలో అండర్‌బ్రిడ్జి. రెండు చుక్కలు పడితే నిండుతుంది. నిండితే రెండు రోజులు తగ్గదు, పొరుగూరి రైల్వే గేటు మీదుగా పది కిలోమీటర్లు బండి మీద చుట్టి రావాలి.

సత్యవేణి డయాగ్నొస్టిక్ సెంటర్లో టెక్నీషియన్. తెల్లవారి అయిదున్నరకల్లా స్కూటీ మీద బయల్దేరి ఇంటింటికీ తిరిగి పరగడుపు రక్తం తీస్తుంది. ఏడున్నరకి ఇంటికొచ్చి జోషితకి జడలేసి, డబ్బా సర్ది, బడికి దింపుతుంది. లెక్క ప్రకారం సరిపోవాలి. కానీ ఒక పెద్దాయన నరం దొరకదు, ఒకావిడ సూది చూసి మంచం కింద దూరుతుంది. భర్త కేదారి చేపల మేత కంపెనీ ఏజెంటు, అయిదింటికే చెరువుల మీదకి పోతాడు. కాబట్టి జోషిత వారానికి నాలుగు రోజులు లేటు. లేటుగా వచ్చిన పిల్లలు మొదటి పీరియడంతా వరండాలో నిలబడాలి. దాన్ని 'ఆలస్యపు వరుస' అంటారు. ఆ వరుసలో మొదటి స్థానం జోషితకి దాదాపు రిజర్వు అయిపోయింది.

"అమ్మా, ఒక్కరోజు గేటు మూయకముందు వెళ్దామే," అనేది ఆ పిల్ల. ఏడ్చేది కాదు, అడిగేదంతే. ఆ అడగడమే సత్యవేణికి సూదిలా దిగేది.

ఇక తల్లిదండ్రుల శిక్ష గేటు దగ్గరే. అక్కడ పొడవాటి ఆలస్యాల రిజిస్టరుంది. రాజు గారు ఉద్యోగంలో చేరగానే ప్రవేశపెట్టిన మొదటి సంస్కరణ అది. దింపడానికి వచ్చినవాళ్ళు పిల్ల అడ్మిషన్ నంబరు వేసి, ఆలస్యానికి కారణం స్వదస్తూరీతో రాసి సంతకం చేస్తేగాని లోపలికి పంపరు. కారణం అయిదు వరుసలకి తగ్గకూడదు. సత్యవేణి మొదట్లో నిజమే రాసేది. తర్వాత ఎవరూ చదవరని నమ్మకం కుదిరాక, చేతికొచ్చింది రాసేది. 'గేటు తొందరపడింది' అని ఒకరోజు. 'మా ఇల్లు రాత్రికి రాత్రి దూరం జరిగింది' అని ఇంకోరోజు. గేటు దాటేసరికి ఏం రాసిందో తనకే గుర్తుండేది కాదు. జూన్ నెలంతా వానలు కురిశాయి, ఆ నెలలో రాసిన పేజీలు ఇంకా ఎక్కువ.

జులై మొదటి వారంలో సర్క్యులర్ వచ్చింది. 'ఇందుమూలముగా యావన్మంది తల్లిదండ్రులకు తెలియజేయునదేమనగా, పిల్లలను బడికి దింపు తల్లి లేక తండ్రి దేహదారుఢ్యమే బిడ్డ సమయపాలనకు మూలమని సంస్థ గుర్తించినందున, సెప్టెంబరు మాసములో ట్రయథ్లాన్, అనగా ఈత, సైకిలు, పరుగు అను త్రివిధ పరీక్ష నిర్వహింపబడును. ఉత్తీర్ణులు కాని వారి బిడ్డలకు హాల్ టికెట్ నిలుపుదల చేయబడును. ఈ కార్యక్రమము తల్లిదండ్రుల కోరికపైననే చేపట్టబడుచున్నది.'

మరునాటి ఉదయం గేటు దగ్గర రైతుబజారంత సందడి.

"మన కోరికేంటండీ? ఎవరు కోరేరు?"

"సైకిల్ షాపు సుబ్బరాజు కోరుంటాడు."

"ఆడికి పిల్లలే లేరు కదండీ!"

టైలరింగ్ షాపు ఫర్జానా సత్యవేణి చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. ఫర్జానాకి కవలలు. "వేణక్కా, రా, పైకెళ్ళి అడిగేద్దాం. ఎవడో ఒకడు నిప్పెట్టేడు."

రాజు గారు వాళ్ళని కూర్చోబెట్టారు. గొంతు సవరించుకున్నారు. "ఇది ఒక మాతృమూర్తి వ్రాతపూర్వక విన్నపము. ముప్పయి ఆరేళ్ళ సర్వీసులో ఇంతటి నిర్మాణాత్మక సలహా నేను చూడలేదు. అది చదివి ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు."

"ఎవరండీ ఆవిడ?" అంది సత్యవేణి.

"సలహాదారు వివరములు గోప్యము. పోటీ ముగింపు సభలో ఆమెను శాలువాతో సత్కరించునపుడు మాత్రమే ప్రకటించబడును."

"సార్, నాకు కవలలు," అంది ఫర్జానా. "ఇద్దరూ ఒకేసారి పుట్టేరు కదా, ఒకేసారి ఈదితే చాలదా?"

రాజు గారు కళ్ళు మూసుకుని ఆలోచించారు. "జనన నమోదులు రెండు. కావున ఈతలు రెండు."

కిందికొచ్చాక ఫర్జానా అక్కడున్న అందరికీ వినపడేలా ఒట్టేసింది. "ఆ మహాతల్లి ఎవరో తెలిసిన రోజున చెరువులో పడేస్తాం. అంతే!"

"మొదటి చెయ్యి నాది," అంది సత్యవేణి. "నేనే నెడతాను!"

అందరూ చప్పట్లు కొట్టారు.

వికాసధారలో ఈతకొలను ఉంది. బ్రోషర్‌లో చాలా అందంగా ఉంటుంది. అసలుది మోకాలి లోతు, ఎల్‌కేజీ పిల్లలు పడవలు వదులుకోడానికి కట్టింది. అందుచేత కరస్పాండెంటు గారి చేపల చెరువు ఎంపికైంది. చేపలకి మేత వేసే సమయం ఉదయం ఏడు. పోటీ ప్రారంభ సమయం కూడా ఉదయం ఏడు దాటకూడదని నిర్ణయమైంది. ఈ రెంటికీ సంబంధం ఎవరికీ తట్టలేదు. కేదారి ఒక్కడికి తట్టింది.

"మనుషులు నీళ్ళలో కదిలితే మేత వచ్చిందనుకుని మూగుతాయి వేణీ. భయపడకు. కరవ్వు. చక్కిలిగింతలు పెడతాయంతే."

"ఎవరన్నా అడిగేరా మిమ్మల్ని?"

"పన్నెండేళ్ళుగా చేప ఈదడం చూస్తున్నాను. నేను నేర్పుతాను నీకు. చెయ్యాడించక్కర్లేదు. ఒళ్ళంతా తోకనుకో."

మొదటి రోజు సత్యవేణి ఒళ్ళంతా తోకనుకుని అడుగుకి పోయింది. పైకి తేలాక మొగుణ్ణి గట్టు మీద కూర్చోబెట్టి, ఫర్జానా దగ్గర నేర్చుకుంది.

సైకిలు సాధనకి వేరే వేళ లేదు. కాబట్టి స్కూటీ మూలన పడేసి, రక్తం తీసే సంచీ సైకిలుకి తగిలించుకుని బయల్దేరేది. చెమటలు కక్కుకుంటూ, రొప్పుకుంటూ వచ్చిన టెక్నీషియన్ని చూసి రోగులు బెంబేలెత్తారు. "అమ్మాయ్, ముందు నువ్వు కూర్చో. నీ బీపీ చూసుకో. నాది మధ్యాహ్నం తీద్దువుగాని," అంది పక్క వీధి ముసలమ్మ, గ్లాసుతో మజ్జిగ ఇచ్చి.

ఊరంతా ఇదే తంతు. బ్యాంకు క్యాషియరు మధ్యాహ్నం భోజనం మానేసి బ్యాంకు చుట్టూ పరుగులు పెట్టాడు. దొంగతనం జరిగిందేమోనని జనం వెంటపడ్డారు. కిరాణా కొట్టాయన పప్పు తూచే లోపల పది గుంజీలు తీసేవాడు.

కీళ్ళనొప్పులవాళ్ళకి మినహాయింపు ఉంది. అది రాజు గారి మానవత్వం. దరఖాస్తు మాత్రం మూడో అంతస్తులో, ఉదయం తొమ్మిదీ తొమ్మిదీ రెండు మధ్య స్వయంగా ఇవ్వాలి. రెండు నిమిషాల్లో మూడంతస్తులు ఎక్కి వచ్చినవాళ్ళు ఆరోగ్యవంతులని తేల్చి తిరస్కరించేవారు. ఎక్కలేనివాళ్ళ దరఖాస్తు గడువు దాటిపోయేది. మినహాయింపు విధానం ఇంత పారదర్శకంగా మరెక్కడా లేదని ఆయన స్టాఫ్ మీటింగులో చెప్పుకున్నారు.

ఆగస్టులో నమూనా పోటీ పెడితే ఒక వింత బయటపడింది. బాగా నల్లగా, బాగా బలంగా ఉన్న ఒకాయన పదకొండుసార్లు ఈదాడు. పదకొండుమంది పిల్లలకి ఆయనే తండ్రి. విచారిస్తే ఆయన చేపలు పట్టే నాగూరు అనీ, తండ్రుల తరఫున వచ్చాడనీ తేలింది. రాజు గారు నాగూరుని కేకలేసి, ఆ వెంటనే ఉపాధ్యాయుల హాజరు కోసం కొన్న బొటనవేలి మెషీనుని చెరువుకి తరలించారు. తల్లిదండ్రుల వేలిముద్రలన్నీ తీయించారు. సత్యవేణి వేలు రోజంతా స్పిరిట్‌లో నానేది కావడంతో, ఆ రోజే మెషీను పదకొండుసార్లు మొరాయించి, పన్నెండోసారి విసుగొచ్చి ఒప్పుకుంది.

నీళ్ళలోంచి వచ్చిన వేలు మెషీనుకి ఆనదని తెలిసింది ఆ మర్నాడు. మెషీను మార్చాలని ఎవరో అన్నారు. "పరికరము కొనుగోలు చేయబడినది. కావున మారవలసినది ఈత," అన్నారు రాజు గారు. పద్నాలుగో నంబరు సర్క్యులర్ వెలువడింది. 'ఈదు సమయమున కుడి బొటనవేలు నీటి మట్టమునకు పైన ఉంచవలెను.'

మూడొందలమంది తల్లిదండ్రులు బొటనవేళ్ళు పైకెత్తి ఒంటిచేత్తో ఈత నేర్చుకున్నారు. గట్టు మీద పోయే ఆటోవాళ్ళు, తమకే 'సూపర్' అంటున్నారనుకుని, వాళ్ళూ బొటనవేళ్ళు చూపించి హారన్ కొట్టి పోయేవారు.

ఈ మూడు నెలలూ పరిశోధన ఆగలేదు. ఫర్జానా కొలతల పుస్తకంలో వెనక పేజీలన్నీ అనుమానితుల పేర్లే. పీటీఏ సెక్రటరీ భార్యని పది రోజులు అనుమానించారు. ఆవిడ చెరువు చూసి స్పృహ తప్పి పడిపోయాక వదిలేశారు. జిమ్ కోచ్ భార్య, యోగా టీచరు, ఎవరితోనూ మాట్లాడని ఒక డాక్టరమ్మ, అందరూ ఆ పుస్తకంలోకి ఎక్కి దిగారు. ఒక్కొక్క పేరూ కొట్టేసేది సత్యవేణే. "రాసింది తల్లి. అదొక్కటే మనకి తెలుసు. దస్తూరీ దొరికితే దొంగ దొరికినట్టే," అనేది.

ఈ గూఢచర్యంలో కేదారి ఉత్సాహం అంతా ఇంతా కాదు. దోషి దొరికిన వెంటనే చెరువుకి చేర్చడానికి మేత మోసే తన ట్రాలీ ఆటోని పోటీ రోజున గేటు దగ్గర సిద్ధంగా ఉంచుతానని మాటిచ్చాడు. మాటిస్తే తప్పే మనిషి కాదు.

చెరువు గట్టు దాటి మార్కెట్ యార్డు చేరేసరికి ఏడూ నలభై అయిదు. సత్యవేణి సైకిలు పడేసి పరుగందుకుంది. రెండు కిలోమీటర్లే. చేతిలో ఇరవై అయిదు నిమిషాలున్నాయి. పక్కన ఫర్జానా వచ్చి కలిసింది. కవలల కోసం ఆవిడ చెరువు రెండుసార్లు ఈది వచ్చింది.

"అక్కా, పెద్దోడి కోసం ఒకసారి ఈదేను. చిన్నోడి కోసం ఇంకోసారి. కాళ్ళు నావో కాదో కూడా తెలీట్లేదు."

"మెషీన్ని అడిగి చూడు," అంది సత్యవేణి రొప్పుతూ.

మలుపు తిరిగారు. ముందు పోయినవాళ్ళంతా ఆగి ఉన్నారు. రాత్రి వాన కురిసిన సంగతి అందరికీ తెలుసు. కానీ సర్క్యులర్లో లేదు కాబట్టి ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. అండర్‌బ్రిడ్జి నిండా నీళ్ళు. ఎంత లోతో తెలీదు. ఒక కుక్క మాత్రం తీరిగ్గా ఈదుకుంటూ పోతోంది.

"ఇంకో ఈతా!" అని క్యాషియరు కూలబడిపోయాడు.

సత్యవేణి ఆగలేదు. ఆగితే జోషిత వరండా, జోషిత వరుస, హాల్ టికెట్ లేని జోషిత. నీళ్ళలోకి దిగింది. నడుము, ఛాతీ, ఆపైన కాళ్ళు అందలేదు. ఈదింది. వెనకాల ఫర్జానా, ఆ వెనక వందమంది. ఇక్కడ మెషీను లేదు, మాస్టారు లేడు. అయినా అలవాటు కొద్దీ అందరూ బొటనవేళ్ళు పైకెత్తే ఈదారు. పైన పట్టాల మీద గూడ్సు బండి గార్డు ఆ దృశ్యం చూసి, జెండా కాస్త పక్కన పెట్టి, తన బొటనవేలూ చూపించాడు.

అవతలి గట్టెక్కుతుంటే సత్యవేణికి ఒక్క క్షణం వింతగా అనిపించింది. ఈ తడి బట్టలు, ఈ పరుగు, ఈ గేటు భయం. ఇదంతా ఇదివరకే చేసినట్టు, ఎక్కడో చెప్పినట్టు కూడా. ఆలోచించే టైము లేదు. పరుగెత్తింది.

ఎనిమిదీ ఎనిమిదికి గేటు దాటింది.

నాన్న ట్రాలీ ఆటోలో చుట్టుదారిన ముందే వచ్చిన జోషిత వరండాలో గెంతింది. "అమ్మా! ఇంకా గేటు మూయలేదే!" వాళ్ళమ్మ ఈసారి గేటు మూయకముందే లోపలికొచ్చింది. ఆ పిల్ల ముఖం చూసి సత్యవేణికి చెరువూ, చేపా, మెషీనూ అన్నీ మరుపున పడ్డాయి.

మెషీను మాత్రం మరవలేదు. రాజు గారి కారులో చుట్టుదారిన ముందే వచ్చేసిన ఏసుపాదం మాస్టారు వేలు పెట్టించాడు. వేలు ఆరిందో లేదో, స్పిరిటు చేసిన అరుగుదల ఎలాగూ ఉంది. ఎర్రదీపం. కుయ్యిమని మూలుగు.

"సార్, ఆఖరి నిమిషం," అన్నాడు మాస్టారు, జోషిత హాల్ టికెట్ చేత్తో పట్టుకుని. ఆయన కళ్ళు ఇచ్చెయ్యమంటున్నాయి, చెయ్యి ఇవ్వనంటోంది.

రాజు గారు మైకు ముందు నిలబడి ఉన్నారు. బల్ల మీద శాలువా, పూలదండ. గేటు అవతల కేదారి ట్రాలీ ఆటో, అందులో మెత్తగా పరిచిన ఖాళీ మేత గోతాలు.

"కంగారు వలదు. నియమావళి తొమ్మిదవ అంశము ప్రకారము, వేలిముద్ర విఫలమైనచో దస్తూరీ ద్వారా గుర్తింపు జరుపవచ్చును." ఆయన ఆలస్యాల రిజిస్టరు తెప్పించారు. "ఈ పిల్ల అడ్మిషన్ నంబరు కింద నలభై ఒక్క నమోదులున్నవి. అందులో ఒకటి నేను చదివెదను. అభ్యర్థిని ఈ తెల్లకాగితంపై వ్రాయవలెను. రెండు దస్తూరీలు సరిపోయినచో ఆమె ఆమెయే."

సత్యవేణి పెన్ను తీసుకుంది. ఇంత తేలికా? చేతిలో పని. జోషిత కేసి చూసి నవ్వింది.

రాజు గారు ఎర్రదారం గుర్తు పెట్టిన పేజీ తెరిచారు. ఎందుకో ఆయన కళ్ళు చెమర్చాయి. మైకు దగ్గరికి లాక్కున్నారు.

"రాత్రి వాన. అండర్‌బ్రిడ్జిలో స్కూటీ మునిగింది..."

సత్యవేణి రాసింది.

"...కాబట్టి ఈదాను. అవతల ఎవరినో అడిగి సైకిలు తొక్కాను..."

రాస్తున్న చెయ్యి నెమ్మదించింది.

"...గొలుసు ఊడితే మిగతా దూరం పరుగెత్తాను."

నాలుగు మూలలా మైకులు మారుమోగాయి. ఆవరణలో ఉన్న తడి మనుషులంతా ఒక్కసారి మైకు వైపు తిరిగారు. ఈత. సైకిలు. పరుగు. ఫర్జానా కొలతల పుస్తకం చంకలోంచి జారి కింద పడింది.

"ఇవన్నీ ఎనిమిదీ పది లోపల చెయ్యడం," రాజు గారు ఒక్కొక్క మాటా ఒత్తి చదివారు, "ప్రతి తల్లికీ తండ్రికీ మీరే నేర్పించండి. ఆరోగ్యానికి మంచిది. పోటీ పెట్టి బహుమతి కూడా ఇవ్వండి."

సత్యవేణికి గుర్తొచ్చింది. జూన్ నెల, నీళ్ళు కారుతున్న చున్నీ, అయిదు వరుసలకి తగ్గకూడదన్న రూలు, ఈత రాకపోయినా అల్లేసిన నాలుగు వరుసలు, పళ్ళు కొరుక్కుంటూ నింపిన అయిదో వరుస.

పెన్ను కాగితం మీద ఆగిపోయింది. ఇంకా ఆఖరి వాక్యం రాయాలి. జోషిత చూచిరాత లాగా గుండ్రంగా, పొందిగ్గా మార్చి రాస్తే చాలు. దస్తూరీ సరిపోదు. తను తను కాదు. చెరువులో పడదు. మాస్టారు హాల్ టికెట్ తీసుకెళ్ళి బీరువాలో పెడతాడు. జోషిత వరండాలో నిలబడుతుంది.

చుట్టూ చూసింది. క్యాషియరు చొక్కా చేతులు మడుస్తున్నాడు. కిరాణా కొట్టాయన గుంజీలు తీయడం ఆపేశాడు. గేటు అవతల కేదారి ఎవరో ఏమిటో తెలీకుండానే, దోషి దొరికిందన్న ఉత్సాహంతో ట్రాలీ ఆటో స్టార్ట్ చేశాడు. బడబడమని ఇంజను మోగింది.

జోషిత మాత్రం ఒకటే చూస్తోంది, మాస్టారి చేతిలోని కాగితాన్ని.

సత్యవేణి చివరి వాక్యం తన దస్తూరీలోనే రాసింది. కుడివైపుకి వాలిపోయిన అక్షరాలు, రక్తం గొట్టాల మీద రాసి రాసి ఇరుకైపోయిన అక్షరాలు. కింద సంతకం కూడా చేసింది.

మాస్టారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాడు. ఒకసారి సత్యవేణి వంక, ఒకసారి జనం వంక చూసి, "అచ్చం... అచ్చం అదే సార్," అన్నాడు. హాల్ టికెట్ జోషిత చేతిలో పెట్టాడు.

ఎనిమిదీ పది. గేటు మూసుకుంది. ఇక బయటికి పోయే దారి కూడా లేదు.

"సరిపోయినది!" రాజు గారు శాలువా విప్పారు. "అభ్యర్థిని తాను తానేనని ధ్రువపడినది. అంతేకాక, సంస్థ చరిత్రలో సువర్ణాధ్యాయమునకు మూలమైన ఆ సలహాదారు ఎవరో నేటితో బహిర్గతమైనది. అమ్మా, మీ పేరు మీ నోట సభకు వినిపించండి."

మైకు సత్యవేణి మూతి దగ్గరికి వచ్చింది. నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు.

"వినపడట్లేదు," అంది ఫర్జానా. చాలా నెమ్మదిగా, ఒక్కొక్క అడుగూ ముందుకేస్తూ. "పేరు చెప్పు వేణక్కా. గట్టిగా."

అప్పుడు జోషిత పరుగెత్తుకొచ్చింది. మూడు నెలలుగా ఇంట్లో, వీధిలో, గేటు దగ్గర అందరూ వెతుకుతున్నది చెరువులో తొయ్యడానికని ఆ పిల్లకి తెలీదు. శాలువా చూసింది, దండ చూసింది, తన చేతిలో హాల్ టికెట్ చూసుకుంది. ఆలస్యపు వరుసలో నిలబడ్డ ఇన్నాళ్ళ అవమానం తీరేలా, మైకు లాక్కుని, గుండెనిండా ఊపిరి తీసుకుని, ఊరు రెండు ముక్కలకీ వినపడేలా అరిచింది.

"ఆ సలహా ఇచ్చింది మా అమ్మే! దంగేటి సత్యవేణి!"